ట్రాం పట్టాల మీద నిలిచిన మిద్దె: గద్వాలలో ఒక మరమ్మతు కేస్ స్టడీ

ఇల్లు గద్వాల కోటకు దగ్గర్లో ఒక పాత వీధిలో ఉంది. ద్వారం పైరాయి మీద 1955 అని చెక్కి ఉంది. రాయి, సున్నం, మట్టితో కట్టిన రెండడుగుల మందం గోడలు. కప్పు బండల మిద్దె. అంటే ఇనుప దూలాలు, వాటి మీద షాబాద్ బండలు, ఆ పైన చవుడు మట్టి. ముందు వసారా, దాని వెనుక పన్నెండు అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవున్న హాలు, ఆ వెనుక మూడు గదులు. దూలాలుగా వేసినవన్నీ పాత పట్టాలే. పాలమూరు వైపు పాత ఇళ్లలో ఇది కొత్తేమీ కాదు. టేకు దూలం దొరకనప్పుడు, లేదా దొరికినా ధర అందనప్పుడు, రైల్వే వేలంలో అమ్మిన పట్టాలను కొని మిద్దెకు వేసేవారు.

నన్ను పిలిచింది పగుళ్ల కోసం. వెనుక గదుల్లో దాదాపు ప్రతి దూలం కొస కింద గోడ నిలువుగా చీలింది. వసారాలో ఒక బండ ఒకవైపు దిగిపోయింది. ఇంటి పెద్దావిడ కొడుకుకి అప్పటికే ఒక కాంట్రాక్టర్ లెక్క వేసిచ్చాడు: మొత్తం కూల్చి స్లాబ్ పోయడమే, పట్టాలు తుక్కుకి అమ్మితే కూల్చివేత ఖర్చు వచ్చేస్తుంది. పెద్దావిడ ఒప్పుకోలేదు. ఆమె మాట ఇది: "మా మామ మద్రాసు నుంచి తెప్పిచ్చిండు సారూ. ఆడ ట్రాం బండ్లు బందయినంక పట్టాలు అమ్మిన్రంట. రాయచూరు దాక రైల్ల వచ్చినయ్, ఆడికెంచి ఎడ్లబండ్ల మీద. ట్రాం పట్టాకు తుప్పు పట్టదు."

చివరి వాక్యం తప్పని అక్కడే చెప్పవచ్చు, ఇనుము ఏదైనా తడి తగిలితే తుప్పు పడుతుంది. కానీ మిగతా కథను అలా తీసేయబుద్ధి కాలేదు. పాత ఇళ్ల విషయంలో "ఇది రాజావారి టేకు", "ఇది లండన్ ఇనుము" అనే మాటలు చాలా వింటుంటాం. నిజమైతే కొలతల్లో కనబడాలి. ఇక్కడ అది అవసరం కూడా. దూలం ఏ రకం పట్టానో తెలియకుండా అది ఎంత మోస్తుందో లెక్క వేయలేం.

వెనుక గదుల నుంచి మొదలుపెట్టాను. అక్కడివి మామూలు రైలు పట్టాలు. ఎత్తు నాలుగున్నర అంగుళాలు, పాదం, అంటే పట్టా నేల మీద కూర్చునే భాగం, వెడల్పు నాలుగు అంగుళాల పైచిలుకు. మధ్యనున్న సన్నని నడుము మీద సున్నం గీకి, వైర్ బ్రష్ కొట్టి, ముగ్గుపిండి రుద్దితే ఉబ్బెత్తు అక్షరాలు తేలాయి. పట్టా తయారీ నాడే రోలర్ కింద పడే అచ్చు అది, చెరగదు. గజానికి 60 పౌండ్ల తరగతి, అంటే మీటరుకు 30 కిలోలకు కాస్త తక్కువ. మీటర్ గేజ్ దారుల్లో విరివిగా వాడిన రకం. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు మీదుగా డోన్ వెళ్లే దారి నిజాం కాలం నుంచి 1990లలో బ్రాడ్‌గేజ్ అయ్యే దాకా మీటర్ గేజే. ఊరి స్టేషన్ పక్కనే ఉన్నప్పుడు ఈ పట్టాలు ఎక్కడివని వెతకాల్సిన పని లేదు.

హాల్లోకి వచ్చి పైకి చూస్తే సంగతి మారింది. నాలుగు దూలాలు. నాలుగింటికీ అడుగున పొడవునా ఒక గాడి. ఆ గాడిలోంచే కరెంటు తీగ లాగారు, ఒకచోట ఊయల కొక్కెం బిగించారు. ఎత్తు ఏడు అంగుళాలకు దగ్గరగా ఉంది, పాదం కూడా దాదాపు అంతే వెడల్పు.

ఈ గాడే ట్రాం పట్టా గుర్తు. రైలు పట్టా కంకర మీద పైకి లేచి ఉంటుంది కాబట్టి చక్రం అంచు దాని పక్కన గాలిలో తిరుగుతుంది. ట్రాం నడిచేది వీధిలో. అక్కడ పట్టా రోడ్డుతో సమానంగా ఉండాలి, లేకపోతే గుర్రబ్బండ్లూ సైకిళ్లూ తట్టుకుని పడతాయి. అందుకని పట్టాలోనే గాడి వేసి, చక్రం అంచుకి దారి ఇచ్చి, గాడికి అవతల సన్నని పెదవి నిలబెట్టారు. బ్రిటిష్ ప్రమాణాల ట్రాం పట్టాలు గజానికి సుమారు 90 నుంచి 110 పౌండ్ల బరువుండేవి. హాల్లోని ఒక్కో ముక్క పన్నెండడుగుల మేరకే దాదాపు 180 కిలోలు తూగుతుంది.

గాడి ఉన్న పట్టాలను రోడ్డు దాటే రైలు దారుల్లో, రేవుల్లో, కర్మాగారాల ఆవరణల్లో కూడా వేస్తారు. కాబట్టి గాడి ఒక్కటే చాలదు. తేల్చింది మూడో దూలం. అది వంకర. కింద నిలబడి చూస్తే ఎవరికైనా కనిపించేంత వంకర. మేస్త్రీ దాని వంపుకు సరిపోయేలా బండల అంచులను చెక్కి మరీ కూర్చాడు. గోడ నుంచి గోడకు దారం కట్టి మధ్యలో కొలిస్తే దారానికీ పట్టాకూ ఎడం మూడు అంగుళాలు. పన్నెండడుగుల దారానికి పావు అడుగు వంపు. పన్నెండుని పన్నెండుతో గుణించి, పావు అడుగుకి ఎనిమిది రెట్లయిన రెండుతో భాగిస్తే 72 అడుగులు. అంటే ఈ పట్టా ఒకప్పుడు 72 అడుగుల వ్యాసార్ధం ఉన్న మలుపులో ఉంది. మన మీటర్ గేజ్ దారుల్లో అనుమతించిన అతి గట్టి మలుపు 16 డిగ్రీలు, దాని వ్యాసార్ధం 109 మీటర్లు, అంటే 350 అడుగుల పైమాటే. 72 అడుగుల్లో తిరిగేది నాలుగు వీధుల కూడలిలో ట్రాం.

దూలం కోసం తెచ్చిన పట్టాను ఎవరూ కొలిమిలో పెట్టి పక్కకి వంచరు. అరుగుదల కూడా సరిపోయింది. మలుపులో చక్రం అంచు వెనుక భాగం లోపలి పట్టా పెదవిని రాసుకుంటూ పోతుంది. ఈ ముక్కలో పెదవి మిగతా మూడింటికన్నా బాగా పలచబడింది, అదీ వంపుకి సరైన వైపునే. ఇది వీధి మలుపులో ట్రాం నడిచిన పట్టాయేనని రిపోర్టులో రాయడానికి నాకు ఆ వంపూ ఈ అరుగుదలా కలిసి చాలు.

ఏ ఊరి వీధి? హైదరాబాద్‌లో ట్రాం నడవలేదు, కాబట్టి బయటిదే. మద్రాసులో కరెంటు ట్రాం 1895లో మొదలై 1953 ఏప్రిల్‌లో ఆగిపోయింది. బొంబాయిలో 1874లో గుర్రాలతో మొదలై, 1907లో కరెంటుకి మారి, 1964 మార్చి 31న చివరి ట్రాం నడిచింది. ఇంటి మీది రాయి 1955 అంటోంది. మద్రాసు మూతపడిన రెండేళ్లకి. దారి కూడా కుదురుతుంది: మద్రాసు–బొంబాయి రైలు దారికి రాయచూరు 1871 నుంచీ కీలకమైన స్టేషన్, బొంబాయి వైపు నుంచి వచ్చిన లైనూ మద్రాసు వైపు నుంచి వచ్చిన లైనూ కలిసింది అక్కడే. 1956 దాకా రాయచూరూ గద్వాలా ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నాయి. రెండూ కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలోనివే కాబట్టి ఎడ్లబండికి నది దాటే పని లేదు. ఒక్కోటీ 180 కిలోలుండే పట్టాలు వేసుకున్న బండికి అది చిన్న విషయం కాదు.

అయినా రిపోర్టులో "మద్రాసు ట్రాం పట్టాలు" అని రాయలేదు. ట్రాం నడుస్తున్న రోజుల్లో కూడా మలుపుల్లో పట్టాలు ముందే అరిగిపోతాయి, మారుస్తూనే ఉంటారు, పాతవి అమ్ముతూనే ఉంటారు. మూతపడిన సంవత్సరం ఒక్కటే సాక్ష్యం కాదు. "వీధి ట్రాం పట్టా, మలుపు ముక్క ఒకటి; మద్రాసు నుంచి వచ్చిందని కుటుంబం చెబుతోంది, నిర్మాణ సంవత్సరం దానికి అడ్డు రావడం లేదు" అని రాశాను. కొడుకుకి ఇది చప్పగా అనిపించింది. అవ్వ మాత్రం "మరి నేను చెప్పిందేగా" అంది.

ట్రాం మూతపడితే ముందు పోయేది పైనున్న రాగి తీగ, దానికి ధర ఎక్కువ. తర్వాత డబ్బాలు. పట్టాల సంగతి తవ్వకం ఖర్చు మీద ఆధారపడుతుంది. తవ్వి అమ్మితే గిట్టుబాటయిన చోట తుక్కుగా పోతాయి, కానిచోట తారు కింద ఉండిపోతాయి. ముంబయిలో ఫ్లోరా ఫౌంటెన్ చుట్టూ మరమ్మతులకు తవ్వినప్పుడు రోడ్డు కింద ట్రాం పట్టాలు బయటపడింది అందుకే. కోల్‌కతాలో 1873లో మొదలైన ట్రాంను ఒక్క మైదాన్–ఎస్ప్లనేడ్ ముక్క తప్ప ఆపేస్తామని 2024 సెప్టెంబరులో ప్రభుత్వం ప్రకటించింది. అక్కడ గొడవంతా పట్టాల మీద తారు పోయడం గురించే. తారు పడిందంటే మళ్లీ ట్రాం రాదని జనానికి తెలుసు. మన దగ్గరికి వచ్చిన ముక్కలు మొదటి రకం: తవ్వి, కోసి, కిలోల లెక్కన అమ్మినవి.

ఇక పగుళ్ల సంగతి. మిద్దె మీద ఒక మూల తవ్వి చూస్తే చవుడు పద్నాలుగు అంగుళాల మందం ఉంది. కట్టినప్పుడు అంత ఉండదు. ఏటా వానలకు ముందు ఒక తట్ట చవుడు చల్లి తొక్కడం అలవాటు, పాతది తీయడం లేదు. ఏడాదికి కొంచెమే, డెబ్భై ఏళ్లకి ఇంత. చదరపు అడుగుకి మట్టి 60 కిలోలు, రెండంగుళాల బండ 12 కిలోలు. పట్టాల మధ్య ఎడం మూడడుగులు, గది వెడల్పు పన్నెండు, కాబట్టి ఒక్కో పట్టా మీద 36 చదరపు అడుగులు, రెండున్నర టన్నుల పైన. వానకి తడిస్తే ఇంకా ఎక్కువ. ఇంతా చేస్తే 60 పౌండ్ల పట్టాలో వంపు ఒత్తిడి మామూలు స్టీలుకి అనుమతించే పరిమితిలో నాలుగింట మూడు వంతుల దగ్గరే ఆగింది. ఉక్కు తట్టుకుంటోంది. తట్టుకోలేనిది గోడ.

కారణం పట్టా వేసిన తీరులో ఉంది. వసారాలో ఒక్కటి తప్ప ఈ ఇంట్లో పట్టాలన్నీ తలకిందులుగా వేశారు, పాదం పైకి, చక్రం నడిచే తల కిందికి. మేస్త్రీ ఊరికే అలా చేయలేదు. తల వెడల్పు రెండుంబావు అంగుళాలు. దాని మీద రెండువైపుల నుంచీ బండలు వాలితే ఒక్కో బండకి అంగుళం చోటే దొరుకుతుంది. పాదం పైకి తిప్పితే ఒక్కోదానికి రెండంగుళాలు వస్తుంది. బండకి మేలు జరిగింది. కానీ గోడ మీద కూర్చునేది ఇప్పుడు సన్నని తల. తొమ్మిది అంగుళాల లోతు, రెండుంబావు అంగుళాల వెడల్పు చోటు మీద టన్నుం పావు బరువు. కింద రాతి దిమ్మ కూడా లేదు, నేరుగా మట్టిసున్నం. చదరపు సెంటీమీటరుకి సుమారు పది కిలోలు, ఆ గోడ మోయగలిగిన దానికి రెండు మూడింతలు. దానికి తోడు గోడలో దిగిన కొసకి చెమ్మ తగిలి తుప్పు పట్టింది. తుప్పు అసలు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది. కింద నలుగుడు, పక్కల నుంచి ఉబ్బు. గోడ నిలువుగా చీలడం అందుకే.

హాలు గోడలకి పగుళ్లు దాదాపు లేవు. ట్రాం పట్టా గట్టిది కాబట్టి అని ఇంట్లో అంటారు. ట్రాం పట్టా తలలో గాడీ పెదవీ కలిసి నాలుగంగుళాల వెడల్పు ఉంది, గోడ మీద ఒత్తిడి దాదాపు సగానికి తగ్గింది. అసలు సంగతి అది. గాడి కిందికి చూస్తుండటం కూడా కలిసొచ్చింది, నీళ్లు నిలవవు.

వసారాలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ ఒక్కటే గాడి పట్టా, దాన్ని తల పైకి పెట్టి వేశారు. గాడి నిండా చవుడు కూరుకుంది. ప్రతి వానకీ అది తడిని పట్టుకుని నెలల తరబడి అలాగే ఉంచింది. బండ తీసి చూస్తే గాడి అడుగు పొరలు పొరలుగా ఊడొచ్చింది, పెదవి చాలా మేర లేదు. ఒకే లోడులో వచ్చిన ఒకే ఉక్కు, ఒకే ఇల్లు, ఏది పైకి ఏది కిందికి అనేదే తేడా.

పని వరుస గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి మిద్దెలు ఎక్కువగా కూలేది మరమ్మతు చేస్తున్నప్పుడే. చవుడు ఒక మూల నుంచి తోడుకుంటూ పోకూడదు. ప్రతి పట్టాకి అటూ ఇటూ సమానంగా, పలచని పొరలుగా తీయాలి. మామూలు పట్టాకి ఇది జాగ్రత్త, వంకర పట్టాకి ప్రాణావసరం. మూడంగుళాల వంపు ఉన్న పట్టా మీద బరువు సమంగా పరిస్తే ఆ బరువు కేంద్రం దారం గీత నుంచి రెండంగుళాలు పక్కన పడుతుంది. గోడ మీద కూర్చున్న తల వెడల్పు నాలుగు, అంటే గీతకి అటు రెండు, ఇటు రెండు. బరువు సరిగ్గా అంచు మీద ఉంది. ఇన్నేళ్లూ అది దొర్లకుండా ఆపింది కొసల చుట్టూ బిగుసుకున్న గోడ, పైన బండల ఒరిపిడి. వంపు వైపు బండలు ఉంచి రెండోవైపువి ముందు తీస్తే పట్టా కూలీల మీదికి తిరుగుతుంది. అందుకని మట్టి మీద చేయి వేయకముందే దాని కింద జాకీలు నిలిపి, రెండు కొసలనీ చెక్క దిమ్మలతో బిగించాం. ఆ రెండు కొసల చుట్టూ గోడను ఒకేసారి తెరవలేదు.

వెల్డింగ్ మీద పెద్ద వాదన అయింది. కొసలకి యాంగిల్ ముక్కలు అతికించి వెడల్పు పెంచుదామని వెల్డర్ పట్టుబట్టాడు. "ఇనుమే కద సార్, అతుకుడు పడదా?" పడుతుంది, అదే ప్రమాదం. పట్టా ఉక్కులో కార్బన్ మామూలు ఇంటి స్టీలు కన్నా చాలా ఎక్కువ. చల్లటి పట్టా మీద సాదా రాడ్‌తో వెల్డ్ చేస్తే అతుకు పక్కన ఉక్కు గాజులా పెళుసుబారి వెంట్రుకంత పగులు వస్తుంది. ఆ రోజు కనబడదు. ముందు వేడిచేసి, తగిన రాడ్ వాడి, నెమ్మదిగా చల్లారనిస్తే చేయొచ్చు, కానీ గోడలో ఇరుక్కున్న కొస దగ్గర అవన్నీ పాటించడం అయ్యే పని కాదు. గ్యాస్‌తో కోయడమూ వద్దన్నాను. బిగించాల్సిన చోట నడుముకి డ్రిల్ వేసి బోల్టు, లేదా యూ క్లాంపు.

వెనుక గదుల్లో ఒక్కో కొసనే జాకీ మీదికి ఎత్తి, కింద నలిగిన గోడ తీసి, గ్రానైట్ దిమ్మను సున్నంలో కూర్చోబెట్టాం. తుప్పు పూర్తిగా గీకి, జింకు ప్రైమర్ రెండు పూతలు. కొస చుట్టూ సిమెంటు కుక్కలేదు. చుట్టూ వేలెడు ఖాళీ వదిలి, గోడ బయటివైపు చిన్న జాలీ పెట్టాం, తడి వస్తే ఆరిపోవడానికి. చవుడు మొత్తం దించేసి ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు మూడంగుళాలు, వాలుతో పరిచాం. పట్టాల మీద బరువు సగానికి పైగా తగ్గింది. ఖర్చు కాంట్రాక్టర్ చెప్పిన స్లాబ్‌లో సగం కూడా కాలేదు, అందులో ఎక్కువ భాగం కూలీలదే.

వసారాలో కుళ్లిన పట్టా తీసి ఐఎస్ఎంబీ 150, అంటే 150 మిల్లీమీటర్ల ఎత్తున్న ఐ ఆకారపు ఉక్కు దూలం, వేశాం. దాని బరువు మీటరుకి 15 కిలోలు, తీసిన పట్టా మీటరుకి 50 కిలోల దాకా ఉంటుంది. 60 పౌండ్ల రైలు పట్టాకి దీటుగా మోయడానికి అందులో సగం బరువున్న ఈ ఐ సెక్షన్ చాలు. పట్టాను తయారుచేసింది చక్రం కింద నలగకుండా ఉండటానికి, దూలంగా వంగకుండా ఉండటానికి కాదు. అందుకే ఎవరైనా కొత్త ఇంటికి పాత పట్టాలు కొంటామని వస్తే నేను వద్దనే అంటాను. ఉన్నవాటిని మాత్రం కారణం లేకుండా తీయించను.

పని మధ్యలో కొడుకుకి ఇంకో ఆలోచన పుట్టింది. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర హైవే మీద ఆయనకి హోటల్ ఉంది. కోల్‌కతా నుంచి రిటైరైన ట్రాం డబ్బా తెప్పించి, ఈ పట్టాలనే కింద వేసి, దాని మీద నిలబెట్టి టిఫిన్ సెంటర్ చేద్దామన్నాడు. పట్టాల లెక్క ముందు చెప్పాను: నాలుగు ముక్కలు, పక్కకి రెండేసి, అందులో ఒకటి వంకర. ఒక డబ్బా చక్రాలు కూడా సరిగా నిలబడవు. ఇక డబ్బా సంగతి. పాత ట్రాం ఒంట్లో చెక్క చాలా ఉంటుంది, చాసిస్ ఒక్కటే పూర్తి ఉక్కు. ఎండా వానా తగిలే చోట పైకప్పు లేకుండా పెడితే ముందు కప్పు కారుతుంది, తర్వాత నేల చెక్క, ఆ తర్వాత అన్నీ. కోల్‌కతాలో 1938 నాటి ట్రాంను 2014లో ఎస్ప్లనేడ్‌లో చిన్న మ్యూజియంగా మార్చారు, అది నిలిచింది సొంత సంస్థ మెకానిక్కులు పక్కనే ఉండబట్టి. మెల్‌బోర్న్‌లో 2018లో వంద పైచిలుకు పాత డబ్ల్యూ తరగతి ట్రాంలను జనానికి ఇవ్వజూపినప్పుడు, ఎక్కడ పెడతారు, ఎలా కాపాడతారు అని ముందు అడిగారు. నేనూ అదే అడిగాను: షెడ్డు వేస్తావా, ఏటా వడ్రంగిని పెడతావా? "షెడ్డు ఏస్తే రోడ్డు మీదికెళ్లి కనవడదు గద సార్" అన్నాడు. అక్కడితో ఆ మాట ఆగింది. వసారాలో తీసిన పట్టాను మాత్రం హోటల్ ముందు పెట్టుకుంటానన్నాడు. సరేనన్నాను, రెండు రాళ్ల మీద, గాడి కిందికి.

పగుళ్ల మీద గాజు ముక్కలు అతికించి వదిలాం. గోడ కదిలితే గాజు పగులుతుంది. ఒక వానాకాలం గడిచాక వెనుక గదుల్లో, హాల్లో పట్టా కొసల దగ్గరివి ఒక్కటీ చెక్కుచెదరలేదు. ఉత్తరం గోడలో ఒకటి పగిలింది, కానీ అది పట్టా కొస దగ్గర కాదు, నేలకి మూడడుగుల ఎత్తులో. పక్కింటి మురికి కాలువ నీరు ఆ పునాదిలోకి దిగుతోంది. కాలువని గోడకి నాలుగడుగులు దూరం జరపడానికి పక్కింటివాళ్లు ఒప్పుకున్నారు. ఆ పని అయ్యాక కొత్త గాజు పెట్టి ఇంకో వానాకాలం చూడాలి.